పుస్తకాలు పక్కకు జరిగితే

మా ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో కౌంటర్ దాటి లోపలికి వెళ్ళనిచ్చేవారు కాదు. చీటీ మీద పుస్తకం పేరు రాసిస్తే అటెండర్ వెళ్ళి తెచ్చేవాడు, లేకపోతే "లేదు" అని చీటీ వెనక్కిచ్చేవాడు. ఆ బీరువాల్లో ఏమున్నాయో నాలుగేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. అందుకేనేమో, ఉద్యోగానికి అమెరికా వచ్చాక, ర్యాలీలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వారి హంట్ లైబ్రరీకి మొదటిసారి వెళ్ళినప్పుడు నా కళ్ళు పుస్తకాల అరల కోసమే వెతికాయి.

2013లో తెరిచిన ఈ భవనాన్ని స్నోహెట్టా అనే నార్వే సంస్థ రూపొందించింది. పసుపుపచ్చని మెట్లు, పెద్ద పెద్ద అద్దాలు, రకరకాల కుర్చీలు, బోర్డుల మీద గీసుకుంటూ వాదించుకునే పిల్లలు. మరి పుస్తకాలో? చాలామటుకు బుక్‌బాట్ అనే యంత్రం చేతిలో ఉన్నాయి. 20 లక్షల సంపుటాలు పట్టే గిడ్డంగి అది. మామూలు అరలకు కావలసిన చోటులో తొమ్మిదో వంతు దానికి చాలు. మిగిలిందంతా మనుషులకే.

ఈ సర్దుబాటు ఈనాటిది కాదు. 1851లో పారిస్‌లో తెరిచిన సేంట్ జెనెవియేవ్ లైబ్రరీలో వాస్తుశిల్పి లబ్రూస్త్ గ్యాసు దీపాలు పెట్టించాడు. విద్యార్థులు రాత్రిళ్ళు కూడా వచ్చి చదువుకునేవారు. పుస్తకాలు పెరిగేకొద్దీ చాలా లైబ్రరీల్లో అవి వెనక గదుల్లోకి, పాఠకులు ముందు హాల్లోకి విడిపోయారు. మళ్ళీ కలిపిన ప్రయత్నాల్లో హార్వర్డ్ వారి లామాంట్ లైబ్రరీ ఒకటి. 1949లో అండర్‌గ్రాడ్యుయేట్ల కోసమే కట్టారు, అరలు తెరిచి ఉంచారు. కానీ 1967 దాకా ఆడపిల్లలకు ప్రవేశం లేదు! అరలు తెరిస్తే చాలదు, తలుపు కూడా తెరవాలి.

మన దేశంలో ఈ వాదన గట్టిగా వినిపించినవాడు మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో మూడోది పుస్తకం పక్షాన మాట్లాడుతుంది. పుస్తకానికి పాఠకుడు దొరకాలంటే అతన్ని అరల మధ్య తిరగనివ్వాలన్నది ఆయన పట్టు.

ఆ లెక్కన బుక్‌బాట్ మా అటెండరుకి మనవడే కదా అనిపించింది. కాకపోతే అది కొద్ది నిమిషాల్లో తెచ్చిపెడుతుంది. పైగా అడిగిన పుస్తకానికి అటూ ఇటూ ఏమేం ఉండేవో వెబ్‌సైట్ అర వరసలోనే చూపిస్తుంది. మా కౌంటర్ దగ్గర నాకు దక్కనిది ఆ చూపే. పేరు తెలియని పుస్తకాన్ని చీటీ మీద ఎలా రాస్తాం?

అయినా తెర మీది బొమ్మని చేతిలోకి తీసుకుని నాలుగు పేజీలు తిప్పలేం. ఆ రోజు నేను చాలాసేపు కూర్చున్నది అక్కడున్న కొద్దిపాటి మామూలు అరల పక్కనే. కూర్చోవడానికి కుర్చీ మాత్రం వెంటనే దొరికింది. మా కాలేజీలో అదీ దొరికేది కాదు.