గోబెలిన్ మగ్గాల మీద పుట్టిన వర్ణశాస్త్రం

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళను మలుపు తిప్పిన వర్ణ సిద్ధాంతం చిత్రశాలలో కాక, ప్యారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో, ఉన్ని నూలుకు రంగు వేసే అద్దకపు పనిలో తలెత్తిన ఒక చిక్కు నుంచి పుట్టింది. రాజప్రాసాదాలకు బొమ్మల తెరలు నేసిన ఆ సంస్థలో 1824లో అద్దకాల విభాగానికి అధిపతిగా వచ్చిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజెన్ షెవ్రోల్‌కు, నీలి, ఊదా వస్త్రాల మడతల్లో నీడలు చూపడానికి వాడే నల్లనూలు వెలవెలబోతోందన్న ఫిర్యాదు ఎదురైంది. ఆ నూలును ఇతర అద్దకశాలల మేలిరకం నల్లనూలుతో పోల్చి చూసిన ఆయన, అద్దకంలో లోపమేమీ లేదని, పక్కనున్న రంగులే నలుపును పేలవంగా చూపుతున్నాయని తేల్చాడు.

ఈ పరిశీలనను విస్తరించి 1839లో వెలువరించిన గ్రంథంలో షెవ్రోల్, పక్కపక్కనున్న రెండు రంగులను ఒకేసారి చూసినప్పుడు వాటి మధ్య తేడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని నిరూపించి, దానికి ఏకకాల వైరుధ్యమని పేరు పెట్టాడు. ఎరుపుకు ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకు ఊదా పూరక వర్ణాలు, అంటే వర్ణచక్రంలో ఎదురెదురుగా నిలిచే జంటలు. ప్రతి రంగూ తన పూరక వర్ణపు ఛాయను పొరుగు రంగు మీద పరుస్తుంది గనుక, ఎర్రని నేల మీద ఉంచిన బూడిదరంగు కాస్త పచ్చగా తోస్తుంది.

ఈ నియమాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసిన ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సురా, పలకపై రంగులు కలిపితే కాంతి తగ్గుతుందని గ్రహించి, వాటిని విడివిడి చుక్కలుగా పక్కపక్కన పెట్టి, కలిపే పనిని చూపరి కంటికే అప్పగించాడు. 1886లో ప్రదర్శించిన గ్రాండ్ జాట్ ద్వీపపు ఆదివార దృశ్యంలో ఎండ పడిన పచ్చిక మీద పసుపు, నారింజ చుక్కలను చల్లడం ఆ పద్ధతికి నిదర్శనం. అయితే అందులో వాడిన జింక్ పసుపు కొద్ది ఏళ్లలోనే గోధుమవన్నెకు తిరగడంతో, నారింజ చుక్కలు మట్టిరంగుకు దిగి, పచ్చిక కాంతి తగ్గింది.

ఇక్కడ చెడింది సిద్ధాంతం కాదు, రంగు పదార్థం. కంటి స్వభావాన్ని తెలిపే శాస్త్రమూ, రంగు నిలకడను ఎరిగిన అద్దకపు పనితనమూ రెండూ కలిస్తేనే చిత్రం పదికాలాల పాటు నిలుస్తుంది. అందుకే వర్ణ సిద్ధాంత చరిత్రలో చిత్రకారులతో పాటు గోబెలిన్ అద్దకపు పనివారికీ నేతగాళ్లకూ సమాన స్థానం దక్కాలి.