రంగం కూడా ఆన్‌సైటే

ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన వాళ్ళు ఎక్కడ కలిసినా కబుర్లు ఒకటే. లగేజీ తప్పిపోవడం, కస్టమ్స్‌లో ఆవకాయ సీసా పోవడం, చివరికి ఏ ఇండియన్ స్టోర్లోనో గోంగూర దొరికిన ఆనందం. నాకూ ఓ చిట్టా ఉందిలెండి.

కానీ మనమే మొదటివాళ్ళం అనుకుంటే పొరపాటే. వందేళ్ళ క్రితమే కోస్తా జిల్లాల వాళ్ళు కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగం, అదే రంగూన్, పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. ఓడ ఖర్చు మేస్త్రీ అడ్వాన్సుగా ఇచ్చి కూలిలో కోసుకునేవాడు. మన బాండ్లకి తాతన్నమాట! మిగిలింది ఇంటికి పంపిన రోజే పండగ.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టుకున్నారు, రాజీ కుదరగానే ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. ఆ కోపం యజమానుల మీద కాక మనవాళ్ళ మీద పడింది. అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చేసరికి వేలమంది అడవుల్లో నడిచి ఇండియా దారి పట్టారు. అందరూ చేరలేదు.

"మా ఉద్యోగాలు లాక్కుంటున్నారు" అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ రేవే గుర్తొస్తుంది. కూలి తేల్చేది ఒకడు, తన్నులు తినేది ఇంకొకడు. మరి మా మెట్టుగూడలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒడిశా, బీహార్ కుర్రాళ్ళని చూసి అదే మాట మనం అనకుండా ఉంటున్నామా?