మిల్వాకీ: మిషిగన్ సరస్సు ఒడ్డున జర్మన్ నగరం

షికాగో నుంచి ఉత్తరానికి కారులో గంటన్నర ప్రయాణం చేస్తే మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున మిల్వాకీ వస్తుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇదే పెద్ద నగరం. ఊరి నడిబొడ్డున, వెల్స్ వీధిలో 1896లో కట్టిన ఎనిమిదంతస్తుల భవనం ఒకటుంది. తలెత్తి చూస్తే పైన రాగి గుమ్మటాలు కనిపిస్తాయి. కైజర్ కాలపు జర్మన్ సైనికులు పెట్టుకున్న, పైన మొన ఉన్న శిరస్త్రాణాల ఆకారం వాటిది. జర్మన్ పత్రికలు, పుస్తకాలు అచ్చువేసి సంపన్నుడైన జార్జ్ బ్రుమ్‌డర్ దీన్ని కట్టించాడు. జెర్మేనియా భవనం అని పేరు పెట్టి, ద్వారం మీద జర్మన్ దేశమాత కంచు విగ్రహాన్ని నిలబెట్టాడు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఆ విగ్రహాన్ని దించేశారు. భవనం పేరు కూడా మార్చేశారు. అసలు పేరు మళ్లీ రావడానికి దశాబ్దాలు పట్టింది.

మిల్వాకీలో ఏం తినాలి, ఏం తాగాలి, ఏం చూడాలి అని అడిగేవాళ్లను నేను ముందు ఈ గుమ్మం దగ్గరికే తీసుకెళతాను. ఈ ఊళ్లో ప్రతి హోటలుకూ, ప్రతి బీరు గ్లాసుకూ వెనక ఈ విగ్రహం కథే ఉంది. జర్మన్లు ఇక్కడికి తెచ్చినవాటిలో కొన్ని మిగిలాయి, కొన్ని పోయాయి. ఏవి మిగిలాయో, ఏవి పోయాయో తెలిస్తే ఊరు మరింత బాగా అర్థమవుతుంది.

ప్రష్యా రాజు రుద్దిన చర్చి సంస్కరణలు ఒప్పుకోని లూథరన్ రైతు కుటుంబాలు 1839లో ఇక్కడికి వచ్చి, ఊరికి ఉత్తరాన అడవి కొట్టుకుని స్థిరపడ్డాయి. 1846లో మిల్వాకీ నగరమైంది. రెండేళ్లకు జర్మన్ రాజ్యాల్లో ప్రజాస్వామ్యం కోసం జరిగిన తిరుగుబాట్లు విఫలమయ్యాయి. ఓడిపోయిన పక్షంలోని న్యాయవాదులు, పాత్రికేయులు, ఉపాధ్యాయులు, సంగీతకారులు అమెరికా ఓడలెక్కారు. వాళ్లలో చాలామంది చేరుకున్నది ఇక్కడికే. వలస వచ్చేవాళ్లను పిలవడానికి విస్కాన్సిన్ రాష్ట్రం 1852లో న్యూయార్క్‌లో ఒక అధికారిని కూర్చోబెట్టి, జర్మన్ భాషలో కరపత్రాలు పంచింది. పీటర్ ఎంగెల్మన్ 1851లోనే ఇక్కడ జర్మన్, ఇంగ్లీషు రెండూ నేర్పే బడి పెట్టాడు. ఆ బడి పోగుచేసిన రాళ్లు, పక్షులు, మొక్కల సేకరణే తర్వాత మిల్వాకీ పబ్లిక్ మ్యూజియానికి పునాది అయింది. నాటకశాలలు, గాయక బృందాలు, వ్యాయామ సంఘాలు, పత్రికలు వెలిశాయి. ఊరికి జర్మన్ ఏథెన్స్ అనే పేరు వచ్చింది.

ఇక బీరు. జర్మన్లు వెంట తెచ్చిన లాగర్ రకం బీరు అమెరికాకు అప్పటికి కొత్త. దానికి వాడే ఈస్టు పాత్ర అడుగున, చల్లదనంలో, నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ తర్వాత కూడా వారాల తరబడి చల్లగా నిల్వ ఉంచాలి. ఐస్ యంత్రాలు లేని రోజుల్లో ఇది ఎండ కాసే ఊళ్లకు అందని విద్య. మిల్వాకీలో చలికాలం నదులు, చెరువులు గడ్డకట్టేవి. మంచును దిమ్మలుగా కోసి, రంపపు పొట్టు కప్పి, కొండవాలుల్లో తవ్విన సొరంగాల్లో దాచుకుంటే వేసవి దాకా ఉండేది. చుట్టూ బార్లీ పండే పొలాలు, సరుకు మోయడానికి సరస్సు, తాగడానికి వేల మంది జర్మన్లు. ఇన్ని ఒక్కచోట కలిశాయి కనుకే ఈ ఊరు దేశానికి బీరు పోసింది.

జేకబ్ బెస్ట్ కుటుంబం 1844లో చిన్న బ్రూవరీ మొదలుపెట్టింది. ఫ్రెడరిక్ పాబ్స్ట్ జర్మనీలోని తురింజియా ప్రాంతంలో పుట్టి, 12 ఏళ్ల వయసులో తల్లిదండ్రులతో వచ్చినవాడు. హోటళ్లలో పనిచేసి, సరస్సు ఓడల్లో చిన్న ఉద్యోగంలో చేరి, ఇరవైల్లోనే కెప్టెన్ అయ్యాడు. 1862లో బెస్ట్ ఇంటి అమ్మాయి మరియాను పెళ్లాడాడు. మరుసటి ఏడాది తుపానులో అతని ఓడ ఒడ్డుకు కొట్టుకుపోయింది. దాంతో సరస్సును వదిలి మామగారి వ్యాపారంలోకి వచ్చాడు. పదేళ్లు తిరిగేసరికి అది దేశంలోనే పెద్ద బ్రూవరీ. 1889లో దానికి పాబ్స్ట్ పేరే పెట్టారు. ఆ రోజుల్లో సీసాల మెడకు నీలం పట్టు రిబ్బన్ కట్టేవారు. ఆ పేరుతోనే ఆ బీరు ఇప్పటికీ అమ్ముడవుతోంది.

షిలిట్జ్ కథ ఇంకా విచిత్రం. జోసెఫ్ షిలిట్జ్ మైన్జ్ నగరం నుంచి వచ్చిన గుమస్తా. యజమాని ఆగస్ట్ క్రూగ్ చనిపోయాక ఆయన భార్యను పెళ్లాడి, బ్రూవరీకి తన పేరు పెట్టుకున్నాడు. 1871లో షికాగో కాలిపోయినప్పుడు అక్కడికి పంపిన బీరుతో ఆ పేరు ఇల్లిల్లూ తిరిగిందని చెబుతారు. 1875లో జర్మనీ ప్రయాణంలో ఓడ ఇంగ్లండ్ దగ్గర సిల్లీ దీవుల రాళ్లకు తగిలి మునిగింది. షిలిట్జ్ శవం దొరకలేదు. ఫారెస్ట్ హోమ్ శ్మశానంలో అతని పేరుతో ఉన్నది ఖాళీ స్మారకమే. పాబ్స్ట్, మరో పెద్ద బ్రూవరీ యజమాని బ్లాట్జ్ సమాధులు కూడా అక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. చరిత్ర ఇష్టమైనవాళ్లు ఒక గంట అక్కడ గడపాలి.

నాలుగు పెద్ద కంపెనీల్లో ఈ ఊళ్లో ఇప్పటికీ బీరు కాస్తున్నది ఒక్క మిల్లరే. జర్మనీలోని రీడ్లింగెన్‌లో పుట్టిన ఫ్రెడరిక్ మిల్లర్ 1855లో కొన్న చోటే ఇప్పటి కర్మాగారం ఉంది. షిలిట్జ్ 1980ల మొదట్లో ఆగింది. ఇక్కడి పాబ్స్ట్ బ్రూవరీ 1996లో మూతపడింది. వేల మంది కార్మికుల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. హోటళ్లుగా, ఇళ్లుగా మారిన ఆ పాత భవనాలను చూసి అందంగా ఉన్నాయనుకునేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

పాబ్స్ట్ సొంత ఇల్లు విస్కాన్సిన్ అవెన్యూలో ఉంది. 1892లో పూర్తయింది. చెక్కిన కర్ర పనితనం చూడాలంటే అక్కడే చూడాలి. పన్నెండేళ్లు మాత్రమే అందులో ఉండి 1904 జనవరి 1న ఆయన చనిపోయాడు. 1908 నుంచి 1975 దాకా అది కాథలిక్ ఆర్చిబిషప్ నివాసం. తర్వాత పడగొట్టి కార్లు నిలిపే స్థలం చేద్దామనుకున్నారు. ఊరివాళ్లు అడ్డుపడి కాపాడి, 1978లో మ్యూజియంగా తెరిచారు. జర్మన్ నాటకాలాడే పాత శాల 1895లో కాలిపోతే ఆ ఏడాదే పాబ్స్ట్ కట్టించిన థియేటరులో ఈనాటికీ కచేరీలు జరుగుతున్నాయి. దానికి దగ్గర్లోనే అదే ఏడు పూర్తయిన సిటీ హాల్ ఉంది. గోపురం ఎత్తు 353 అడుగులు. దీని శిల్పి హెన్రీ కోచ్ కూడా జర్మనీలో పుట్టినవాడే. అంతకు ముందు ఆయన గీసిన టర్నర్ హాల్‌ను నేను ఇంకా ఎక్కువ ఇష్టపడతాను. కసరత్తు, చదువు, స్వేచ్ఛాలోచన కలిసి ఉండాలనే వ్యాయామ సంఘం ఇల్లు అది. మిల్వాకీ సోషలిస్టు రాజకీయాలు అక్కడ పెరిగాయి. 1910లో ఎమిల్ సైడెల్ ఈ ఊరి మేయరయ్యాడు. అమెరికా పెద్ద నగరాల్లో సోషలిస్టు మేయర్ అతనే మొదటివాడు. మురుగు కాలువలు, పార్కులు, ప్రజారోగ్యం ఈ సోషలిస్టుల పట్టుదల. సరస్సు ఒడ్డంతా పచ్చగా, ఎవరికైనా తెరిచి ఉండడం వెనక ఆ పట్టుదల కూడా ఉంది.

తిండికి మూడో వీధికి వెళ్లాలి. ఓల్డ్ వరల్డ్ థర్డ్ స్ట్రీట్ అని దశాబ్దాల పాటు పిలిచిన ఈ వీధికి ఇప్పుడు అధికారికంగా మార్టిన్ లూథర్ కింగ్ పేరు. 1880లో ఫ్రెడ్ యూసింగర్ పెట్టిన సాసేజ్‌ల దుకాణం ఈ వీధిలో ఇంకా నడుస్తోంది. బ్రాట్‌వర్స్ట్‌కు ఈ ఊళ్లో అదే ప్రమాణం. పక్కనే 1902 నాటి మేడర్స్ రెస్టారెంటు. కవచాలు, కత్తులు వేలాడే హాల్లో కూర్చుని తినాలి. ఎముకతో వేయించిన పంది కాలు పేరున్న వంట. నేనైతే సవర్‌బ్రాటన్ తినమంటాను. గొడ్డు మాంసాన్ని రోజుల తరబడి వెనిగర్‌లో, మసాలా దినుసుల్లో నానబెట్టి వండుతారు. తీపి, పులుపు కలిసిన దాని గ్రేవీ నోట్లో పడితే బెల్లం వేసి కాచిన మన పులుసు గుర్తొస్తుంది. శాకాహారులకు బంగాళాదుంప అట్లు, ఆపిల్ గుజ్జు, ప్రెట్జెల్ దొరుకుతాయి. ఎర్ర క్యాబేజీలో చాలాచోట్ల పంది కొవ్వు పడుతుంది కాబట్టి అడిగి తీసుకోవాలి. 1904 నుంచి నడిచిన కార్ల్ రాట్ష్ రెస్టారెంటు 2017లో మూతపడింది. జర్మన్ భోజనశాలలు ఈ ఊళ్లో తగ్గుతున్నాయి. వెళ్లగలిగినవాళ్లు త్వరగా వెళ్లాలి.

ఇంత జర్మన్ ఊళ్లో ఇప్పుడు జర్మన్ మాట వినిపించదు. ఇది నన్ను బాగా ఆలోచింపజేసే సంగతి. 1889లో విస్కాన్సిన్ ప్రభుత్వం బెన్నెట్ చట్టం తెచ్చింది. చర్చి బడుల్లోనూ ముఖ్యమైన పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలన్నది దాని సారం. లూథరన్లు, కాథలిక్కులు సాధారణంగా ఒకరితో ఒకరికి పడనివాళ్లు. కానీ పిల్లల భాష దగ్గరకొచ్చేసరికి ఒక్కటయ్యారు. 1890 ఎన్నికల్లో గవర్నర్ హోర్డ్‌ను ఓడించి, మిల్వాకీ మేయర్ జార్జ్ పెక్‌ను గవర్నర్‌ని చేశారు. 1891లో చట్టం రద్దయింది. ఓటుతో భాషను కాపాడుకున్న అరుదైన విజయం ఇది.

ముప్పై ఏళ్లు తిరక్కుండానే ఆ విజయం నీరుగారిపోయింది. 1917లో అమెరికా జర్మనీతో యుద్ధానికి దిగగానే జర్మన్ మాట్లాడటమే ద్రోహంలా కనిపించింది. సావర్‌క్రౌట్‌ను స్వేచ్ఛా క్యాబేజీ అని పిలిచారు. డాయ్‌చర్ క్లబ్ విస్కాన్సిన్ క్లబ్‌గా మారింది. బడుల్లో జర్మన్ పాఠాలు దాదాపు ఆగిపోయాయి. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు ఈ ఊరి సోషలిస్టు నాయకుడు విక్టర్ బర్గర్‌ను శిక్షించారు. జనం ఓటేసి గెలిపించినా కాంగ్రెస్ అతన్ని లోపలికి రానివ్వలేదు. 1920లో మద్యనిషేధం వచ్చి బీరు కూడా ఆగింది. పాబ్స్ట్ జున్ను చేసి అమ్మింది, షిలిట్జ్ చాక్లెట్ ప్రయత్నించింది. 1933లో బీరు తిరిగి వచ్చింది. భాష తిరిగి రాలేదు.

పొరుగువాడు పంచుకోగలిగినవన్నీ బతికాయి. సాసేజ్‌కి, పార్కుకి, పాటల కచేరీకి అనువాదం అక్కర్లేదు. లోపలివాళ్లకు మాత్రమే అర్థమయ్యే పత్రిక, నాటకం, బడి ఒక తరంలో పోయాయి. అమెరికాలో వారాంతాల్లో పిల్లలను మనబడి తరగతులకు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఈ చరిత్ర తెలియాలని నా కోరిక. పీవాకీలోని హిందూ దేవాలయానికి వెళ్లే మనవాళ్లకు మిల్వాకీ అరగంట దూరం. మన ఆవకాయ ఇక్కడ ఎలాగూ నిలుస్తుంది. జర్మన్ల కథ చూస్తే నాకు దిగులు పట్టేది భాష గురించే.

శుక్రవారం సాయంత్రం ఈ ఊళ్లో ఉంటే ఫిష్ ఫ్రై తినకుండా రాకూడదు. కాథలిక్కులు అప్పట్లో శుక్రవారం మాంసం తినేవారు కాదు. నిషేధపు రోజుల్లో బీరు అమ్మలేని బార్లు చేపల వేపుడుతో జనాన్ని రప్పించాయి. చేప, రై బ్రెడ్, క్యాబేజీ సలాడ్, బంగాళాదుంప అట్టు అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. 1924 నుంచి ఉన్న కెగెల్స్ ఇన్ దానికి మంచి చోటు. తర్వాత 1942 నాటి లియోన్స్‌లో ఫ్రోజెన్ కస్టర్డ్ తినాలి. గుడ్డు సొన పడిన ఐస్‌క్రీమ్ అది. గుడ్డు తిననివాళ్లు గమనించాలి. బీరు తాగనివాళ్లకు, పిల్లలకు స్ప్రెచర్ కంపెనీ తేనె వేసి చేసే రూట్ బీర్ ఉంది.

జూలై చివర్లో సరస్సు ఒడ్డున జర్మన్ ఫెస్ట్ జరుగుతుంది. ఆ సమయానికి వెళ్లలేకపోయినా ఫరవాలేదు. 2012లో ఎస్టాబ్రూక్ పార్కులో, నది ఒడ్డున చెట్ల కింద, బవేరియా పద్ధతిలో ప్రభుత్వ బీర్ గార్డెన్ తెరిచారు. నిషేధం తర్వాత ఊళ్లో అలాంటిది మళ్లీ రావడం అదే మొదలు. పొడుగాటి బల్లల మీద అపరిచితుల పక్కన కూర్చోవాలి. మ్యూనిక్‌లో లాగే ఇక్కడా ఇంటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు. పులిహోర డబ్బా తీసుకెళ్లండి, పక్కవాళ్లకు కూడా పెట్టండి.