గాలికి ఓర్చుకున్న బంతి

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు అరవైల్లోనో డెబ్బైల్లోనో డిగ్రీ చదివినవాళ్లను కాలేజీలో ఏం ఆడేవారని అడిగి చూడండి. కబడ్డీ, వాలీబాల్‌తో పాటు బాల్ బ్యాడ్మింటన్ అనే మాట వినబడుతుంది. షటిల్‌కి అది పాత పేరేమో అనుకుంటాం కానీ రెండూ వేరు.

పసుపుపచ్చ ఉన్ని బంతి, 27 నుంచి 30 గ్రాములు. జట్టుకి అయిదుగురు. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు కోర్టు. బంతి నేలను తాకకముందే కొట్టాలి. షటిల్ కాక్ బరువు అయిదు గ్రాములు. కాస్త గాలి వీస్తే చాలు, దారి తప్పుతుంది. అందుకే దానికి గోడలు, పైకప్పు కావాలి. ఉన్ని బంతి దాదాపు ఆరింతల బరువు కాబట్టి ఆరుబయట ఆడుకోవచ్చు. ఈ ఆట ఎందుకు బతికిందో, ఎందుకు వెనకబడిందో ఈ చిన్న లెక్కతోనే చాలావరకు అర్థమవుతుంది.

ఇక్కడివాళ్లు ఎస్సారార్ అని పిలిచే శ్రీ రాజరాజేశ్వర కళాశాల కరీంనగర్‌లో 1956లో మొదలైంది. అంతకుముందు పై చదువంటే హనుమకొండో హైదరాబాదో పోవాల్సిందే. హనుమాజీపేట సినారె కూడా అలా హైదరాబాదు చేరినవారే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఈ కాలేజీలకు పెద్ద దిక్కు ఉస్మానియా. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలకు ఇండోర్ హాలు ఎక్కడిది? నేల ఉంది. రెండు గుంజలు, ఒక నెట్టు, సున్నం గీతలు, ఒక పీడీ సారు ఉంటే సాయంత్రం పదిమందికి ఆట దొరికేది.

ఆ నేల ఆటకే పరిమితం కాలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. 1978 సెప్టెంబర్ 7 జగిత్యాల జైత్రయాత్ర నాటికి ఈ కాలేజీల్లో రాడికల్ రాజకీయం గట్టిగా వేళ్లూనింది. మీటింగుకైనా మ్యాచికైనా జనం కూడేది ఖాళీ జాగాలోనే.

ఇదేదో ఊరి ఆట అని కొట్టిపారేయడానికి లేదు. వరంగల్‌ను తన ఊరు చేసుకున్న జమ్మలమడక పిచ్చయ్యకు బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు వచ్చింది. ఆ ఆటకు అదే తొలి అర్జున.

మరి ఎటు పోయింది? క్రికెట్ మింగేసిందని అందరూ అనే మాట. అదే క్రికెట్ కబడ్డీని ఎందుకు మింగలేకపోయింది? కబడ్డీ 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటయింది, 2014లో ప్రో లీగ్‌తో టీవీకెక్కింది. బాల్ బ్యాడ్మింటన్‌కి అలాంటి మెట్టు దొరకలేదు. ఆసియాడ్ లేదు, ఒలింపిక్స్ లేదు.

రెండో కారణం మనకు ఇంకా దగ్గరిది. తొంభైల తర్వాత చదువు అపార్ట్‌మెంట్లలోకి, అద్దె భవనాల్లోకి మారింది. ఎంసెట్ ర్యాంకుకి గ్రౌండుతో పనిలేదు. నేను ఇంజనీరింగ్ చదివిన కాలేజీలో గ్రౌండు ఉండాల్సిన చోట బస్సులు నిలిపేవారు. మాకెవరికీ అది లోటుగా కూడా అనిపించలేదు.

ఇప్పుడు హైదరాబాదులో మనం ఆఫీసయ్యాక గంటకింత అని కట్టి షటిల్ ఆడుతున్నాం. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, 2016లో సింధు ఒలింపిక్ రజతం తెచ్చింది. గర్వపడాల్సిందే. కానీ ఆ ఆటకు హాలు కావాలి, హాలుకు డబ్బు కావాలి. ఆసిఫాబాద్‌లోనో సిరిసిల్లలోనో హాస్టల్లో ఉండే పిల్లకి ఆ గంట ఎవరు కడతారు?

పాత ఆటను మళ్లీ తెమ్మని నేననను. ఒక ఆట పోయిందంటే పోయింది. కానీ దాన్ని బతికించినది జనం అభిరుచి ఒక్కటే కాదు, కాలేజీ వెనకున్న ఆ ఖాళీ నేల కూడా. ఇవాళ ఏ ఆటైనా సరే, పైసా లేని పిల్లలు ఆడాలంటే ముందు అడగాల్సింది ఆ నేలనే.