పెద్దాసుపత్రిలో రెండు చుక్కలు

కడంబత్తూరులో లోకల్ రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగితే రోడ్డుకు అవతలే పెద్దాసుపత్రి. తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల్లో నయం కాని జబ్బేదైనా వస్తే జనం ఇప్పటికీ పట్టే దారి అదే. దానికి అనుబంధంగా ఉన్నదే మద్రాసు మెడికల్ కాలేజీ. 1903 ఏప్రిల్‌లో అక్కడి ప్రొఫెసర్ ఒకాయన, చనిపోయిన రోగుల ప్లీహం నుంచి తీసిన కాస్త కణజాలాన్ని గాజుపలక మీద పలుచగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. చిన్న చిన్న గుండ్రటి వస్తువులు కనిపించాయి. ఒక్కోదానిలో రెండేసి చుక్కలు: ఒకటి పెద్దది, గుండ్రంగా, రెండోది చిన్న పుల్లలా. అవేమిటో ఆయనకు అంతుబట్టలేదు.

ఆయన పేరు చార్లెస్ డోనవన్. 1863లో కలకత్తాలో పుట్టిన ఐరిష్ వాడు, ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు. పుస్తకాల్లో లేని జ్వరం ఒకటి ఆయన్ని వెంటాడుతుండేది. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, మనిషి ఎండుకుపోవడం, పొట్టలో బల్ల (ప్లీహం) పెరిగి బొడ్డుదాకా దిగిరావడం. క్వినైన్ ఎంత మింగినా తగ్గేది కాదు. అయినా చచ్చిపోయినవాడి కాగితం మీద ‘దీర్ఘకాలిక మలేరియా’ అని రాసేసేవారు. ఏం రాయాలో తెలియనప్పుడు మలేరియా అని రాయడం ఆనాటి అలవాటు.

అస్సాంలో ఇదే జబ్బు కాలా అజార్ పేరుతో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. దాని అంతు చూడమని ప్రభుత్వం ఒకరి తర్వాత ఒకరిగా డాక్టర్లను పంపింది. గైల్స్ వెళ్లి, ఇది పేగుల్లోని కొంకిపురుగుల పని అన్నాడు. రోజర్స్ వెళ్లి, మలేరియాయే ముదిరింది అన్నాడు. సికింద్రాబాదులో దోమ పొట్టను చీల్చి మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ అంతటివాడు కూడా వెళ్లి చూసి మలేరియాకే ఓటేశాడు. వీళ్లను తప్పుపట్టలేం. ఈ జబ్బు చేసే సూక్ష్మజీవి ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలోని కణాల లోపల కాపురం ఉంటుంది. వేలు గుచ్చి తీసిన రక్తపు చుక్కలో దాని జాడ దొరకడం కష్టం. కణజాలంలోకే వెళ్లాలి. వెళ్లినా, రంగు పట్టించకపోతే అక్కడేమీ కనపడదు.

ఆ రంగును సులువు చేసినవాడు ఇంగ్లండులోని నెట్లీ సైనిక వైద్య పాఠశాలలో పనిచేసిన విలియం లీష్మన్. రొమనోవ్‌స్కీ అనే రష్యన్ కనిపెట్టిన నీలం, ఎరుపుల మిశ్రమాన్ని ఆయన 1901లో వాడుకకు తేలికగా మార్చాడు. ఇవాళ మన ల్యాబుల్లో రక్తపు స్లైడుకు వేసే లీష్మన్ స్టెయిన్ అదే. 1900లో, కలకత్తా దగ్గరి డమ్ డమ్‌లో జ్వరం తగిలిన సైనికుడొకడు నెట్లీలో చనిపోతే, అతని ప్లీహంలో లీష్మన్ కూడా ఆ చుక్కలనే చూశాడు. రెండు మూడు మైక్రాన్ల పరిమాణం. అర్థంకాక పక్కన పెట్టేశాడు. మూడేళ్ల తర్వాత, ట్రిపనోసోమ్ అనే తోకజీవి సోకి చచ్చిన ఎలుకను పరీక్షిస్తుంటే అచ్చం అలాంటి రూపాలే కనిపించాయి. చచ్చిన ట్రిపనోసోమ్‌లు కుళ్లితే ఇలా అవుతాయన్నమాట అనుకుని, 1903 మే 30న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు.

ఆ వ్యాసం ఓడ ఎక్కి మద్రాసు చేరింది. డోనవన్ చదివాడు. తన స్లైడుల్లోవీ ఇవే! అయితే నిజంగా కుళ్లిన శవాల తాలూకు శిథిలాలేనా? తేల్చడానికి ఒక్కటే మార్గం, బతికున్న మనిషి ప్లీహంలో వెతకడం. అది చిన్న సాహసం కాదు. ఉబ్బిన ప్లీహం నిండా రక్తమే. సూది గుచ్చినచోట నుంచి లోపల్లోపల కారడం మొదలైతే ఆపలేరు. జూన్ 17న, జ్వరంతో ఉన్న పన్నెండేళ్ల కుర్రాడి ప్లీహంలోకి సూది దించి చుక్క రక్తం తీశారు. రంగు వేసి చూస్తే అవే గుండ్రటి రూపాలు, అవే రెండు చుక్కలు. బతికున్నవాడి ఒంట్లో శిథిలాలు ఎక్కడివి? నా లెక్కలో అసలు ఆవిష్కరణ ఇదే. లీష్మన్‌దీ మంచి కన్నే, కానీ నెట్లీలో ఆయనకు దొరికింది శవం. డోనవన్ దగ్గర రోగుల వార్డు ఉంది.

జూలై 11న ఆయన ఉత్తరం అదే పత్రికలో అచ్చయింది. స్లైడులు కొన్ని పారిస్‌లోని శాస్త్రవేత్త లావెరాన్‌కు, కొన్ని రాస్‌కు వెళ్లాయి. లావెరాన్, పశువుల ఎర్రకణాల్లో దూరే పైరోప్లాస్మా జాతి అన్నాడు. రాస్ కాదన్నాడు, ఇది కొత్త ప్రజాతి అంటూ ఆ ఏడాది నవంబరులో ‘లీష్మేనియా డోనవనీ’ అని పేరు పెట్టాడు. మలేరియా అని తానే చెప్పిన జబ్బుకు వేరే ముద్దాయిని తానే నిలబెట్టడం పెద్ద మనసున్న పని. మొదట చూసిందెవరన్న పేచీ కూడా ఇద్దరి పేర్లూ కలిపేయడంతో కొంత చల్లబడింది.

మద్రాసులోనే క్రిస్టఫర్స్ అనే డాక్టరు అవయవాలను వరసగా పరీక్షించి, ఇవి ఎర్రకణాల్లో కాదు, ప్లీహం, కాలేయం, మజ్జలలోని పెద్ద కణాల్లో గుంపులుగా పెరుగుతున్నాయని తేల్చాడు. 1904లో కలకత్తాలో రోజర్స్ ప్లీహపు రక్తాన్ని చల్లటి చోట ఉంచి పెంచితే, ఆ గుండ్రటి జీవులు సాగి, తోకలు మొలిచి, ఈదడం మొదలుపెట్టాయి. అంటే ట్రిపనోసోమ్‌ల చుట్టమే! లీష్మన్ కారణం తప్పు చెప్పినా, వంశం సరిగ్గానే పోల్చాడు.

ఈ జీవి మనిషికి చేరేదెలా అన్నది తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. ఇసుక ఈగలపై అనుమానమున్నా, రెండోసారి రక్తం తాగాక అవి బతికేవి కావు. ఎండుద్రాక్ష పెడితే బతుకుతాయని బీహారులో స్మిత్ అనే పరిశోధకుడి బృందం గమనించాక దారి దొరికింది. 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే పరిశోధకులు అలా పెంచిన ఈగలతో ఐదుగురు వలంటీర్లను కుట్టించారు. ఐదుగురికీ జబ్బు వచ్చింది. డోనవన్ అప్పటికి బతికే ఉన్నాడు, మద్రాసు వదిలి ఇరవై ఏళ్లు దాటాయి.