డీన్: పదిమందికి పెద్ద

బీరంగూడ కమాన్ దగ్గర బస్సెక్కే ఇంజనీరింగ్ పిల్లలకు హాజరు తగ్గిందంటే ‘డీన్ సార్ సంతకం’ గుర్తొస్తుంది. ఈ డీన్ అసలు పేరు లాటిన్‌లో ‘డెకానుస్’: రోమన్ సైన్యంలో పదిమంది సిపాయిలకు పెద్ద. తర్వాత మఠంలో పదిమంది సన్యాసులకు పెద్దయ్యాడు, చర్చి మీదుగా విశ్వవిద్యాలయానికి చేరాడు. లాటిన్ ‘డెకెమ్’, మన దశమిలోని ‘దశ’ ఒకే మూలం నుంచి పుట్టినవే.

ఉస్మానియాలో కాలేజీని నడిపేది ప్రిన్సిపాల్; డీన్ ఫ్యాకల్టీకి పెద్ద. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్‌లో డీన్లది పనుల పంపకం: చదువులకొకరు, విద్యార్థులకొకరు, పరిశోధనకొకరు. పదిమంది లెక్క ఎప్పుడో పోయింది.

డీన్‌కు తెలుగు విశ్వవిద్యాలయం వాడిన ‘పీఠాధిపతి’ గంభీరమైన మాటే. వినగానే కాషాయం కళ్లముందు కదులుతుంది, అంతే. మఠం వాసన లాటిన్ మాటకూ ఉందిలెండి.