అంజూరపు వంశగాథ

హైదరాబాదు బేగంబజారులో ఎండుపండ్లమ్ము దుకాణములముందు, నడుమ బెజ్జముపొడిచి త్రాటికి గ్రుచ్చిన అంజూరపు దండలు వ్రేలాడుట తెలుగువారిలో పెక్కుమంది యెఱిగినదే. అదిమి ఎండబెట్టుటచే చదునై, గోధుమవన్నెకు తిరిగి, ఒకదానికొకటి అంటుకొనియుండు ఆ పండ్లను చూచినవారికి అంజూరమనగా ఒకే ఫలమనియు, దానికి ఒకే రూపము, ఒకే రుచి యనియు తోచుట సహజము. కాని మధ్యధరా సముద్రతీరములందలి తోటలలో చెట్టుననే పండియున్న అంజూరములను చూచినవాడు ఈ యభిప్రాయమును నిలుపుకొనజాలడు. ఆకుపచ్చనివి, తేనెవన్నెవి, రాగిచాయవి, ఊదావి, కాటుకవలె నల్లనివి, పచ్చని మేనిపై పసుపుచారలు దిద్దినట్టివి, ఎన్నియో గలవు. 1955లో ఐరా కాండిట్ అను అమెరికా ఉద్యానశాస్త్రజ్ఞుడు ప్రకటించిన గ్రంథములో ఆరువందలకు మించిన రకములు వర్ణింపబడినవి. ఇన్ని రకములు ఎట్లు పుట్టినవి, ఇన్ని పేర్లలో నిజముగా వేరైనవి ఎన్ని, ఈ వైవిధ్యమునకెల్ల ఊట యెక్కడ నున్నది అని రెండువేల సంవత్సరములకు పైగా పండితులును రైతులును వెదకుచునే యున్నారు. ఆ ఊట మనము తిను పండులో గాక, ఎవరును తినని పండులో నున్నదని నా నిశ్చయము.

ముందుగా పండును కోసిచూడవలెను. మన మేడియు, మఱ్ఱియు, రావియు, అంజూరమును ఒకే ప్రజాతికి చెందినవి. పూవు కానరాకయే కాయుచెట్లను అమరకోశము వనస్పతులని వేఱుచేసి చెప్పినది. పూవు లేకపోలేదు, లోపల దాగియున్నది. పూనా అంజూరము నొకదానిని, మేడికాయ నొకదానిని ప్రక్కప్రక్కల నుంచి నేనొకమారు కత్తితో నిలువున చీల్చితిని. తొడిమ తెగినచోట రెండింటను తెల్లనిపాలు ఊరి వ్రేళ్లకు జిగురుగా పట్టుకొన్నవి. లోపల బోలుగానున్న చిన్నగది. ఆ గదిగోడల నిండ లోనికి మొగముపెట్టి క్రిక్కిరిసియున్న సన్నని పూలు, వందలకొలది. గదికి వాకిలియన్నది పండుకొనను పొలుసులు కప్పిన చిన్నరంధ్రమే. దానినే కన్ను అందురు. మేడికాయలో ఆ పూలనడుమ నలుసులవంటి కీటకములు కదలాడినవి. వేమన పద్యమువలన వీనిని ఎఱుగని తెలుగు బాలుడు లేడు. పూనా అంజూరములో మాత్రము ఏమియు కదలలేదు. దాని గింజలను గోటితో నొక్కగా లోపల పప్పులేక చిట్లిపోయినవి. కీటకమున్న పండునకును కీటకములేని పండునకును గల ఈ భేదమే అంజూరపు చరిత్రకెల్ల కుదురు.

అంజూరపుచెట్లు రెండు తెగలు. ఒకతెగ చెట్ల కాయలలో ఆడుపూవులే యుండును. వాని కీలములు పొడవైనవి; మనము తిను అంజూరము ఇదియే. రెండవతెగ కాయలలో కంటిచెంత మగపూవులును, అడుగున పొట్టికీలముల ఆడుపూవులును కలసియుండును. ఇవి బెండువలె పొడిగానుండి మేకలకు తప్ప పనికిరావని రోమకులు దీనికి మేక అంజూరమని పేరుపెట్టిరి. రెండుమిల్లీమీటర్లకు మించని ఒక కందిరీగ, బ్లాస్టోఫాగా అను నామముగలది, ఈ మేక అంజూరపు పొట్టికీలముల పూవులలో గ్రుడ్లుపెట్టి సంతానమును పెంచును. మగ ఈగకు ఱెక్కలులేవు. అది పుట్టినపండులోనే బ్రతికి అందే చచ్చును. ఆడు ఈగ మాత్రము కన్నుగుండ వెలికివచ్చుచు మగపూవులను రాచుకొని పుప్పొడిపూసుకొని, మఱియొక కాయకై ఎగిరిపోవును. అది తిను అంజూరపుకాయలో చొచ్చినయెడల పొడవుకీలములు అడ్డమై గ్రుడ్డుపెట్టలేదు. ఇరుకుకంటిలో ఱెక్కలు విఱుగగొట్టుకొని లోనికేగి, పూలన్నిటికిని పుప్పొడిపంచి, అక్కడనే అసువులు బాయును. మేక అంజూరము ఏడాదికి మూడుకాపులు కాయును; ఇటలీవారు వానిని ప్రోఫికి, మమ్మోని, మమ్మె యని పిలుతురు. చలికాలమంతయు చెట్టుననేయుండు మమ్మె కాయలలో కీటకము తలదాచుకొని వసంతమునకు వేచియుండును. ఆ మూడుకాపులలో ఏ యొక్కటి తప్పినను కందిరీగ వంశము అంతరించును.

ఈ ఫలమును మనుష్యుడెప్పుడు చేరదీసెనను ప్రశ్నకు 2006లో ఒక ఆశ్చర్యకరమైన సమాధానము వెలువడినది. జోర్డాను లోయయందలి గిల్గాలు అను ప్రాచీన నివాసస్థలమున లభించిన, పదునొకండు వేల సంవత్సరములకు మించిన వయస్సుగల కాలిన అంజూరములను కిస్లెవ్, హార్ట్‌మన్, బార్‌-యోసెఫ్ అను పండితులు పరీక్షించి, అవి పరాగసంపర్కము లేకయే పండినవనియు, అట్టిచెట్టు తనంత తాను గింజవలన వ్యాపింపలేదు గావున మనుష్యుడే కొమ్మనాటి పెంచియుండవలెననియు వాదించిరి. ఇదియే నిజమైనచో గోధుమకంటెను యవలకంటెను అంజూరమే ముందుగా సాగుకువచ్చిన దగును. అడవిలోని ఆడుచెట్లును అట్లే కాయవచ్చునని మఱికొందరు ఆక్షేపించిరి. వివాదమెట్లున్నను ఒకటి స్పష్టము: అంజూరపుకొమ్మను నఱికి తడినేలలో గ్రుచ్చినంతనే వేళ్లుపోసికొనును. ఇంత సులభముగా లొంగిన చెట్టు మఱియొకటి అరుదు. నచ్చిన చెట్టు నొకదానిని చూచినవాడు దాని కొమ్మను వెంటగొనిపోయి తన పెరటిలో ఆ చెట్టునే మరల నిలుపుకొనగలడు. ఒక రకమనగా నిజమునకు ఒకే చెట్టు, వేలచేతులు మారి, వేలచోట్ల నిలచి, శతాబ్దములు బ్రతుకుచున్న ఒకే చెట్టు.

గ్రీకులకు ఈ మర్మములో కొంత తెలియును. హెరొడోటసు బాబిలోనియా ఖర్జూరములను వర్ణించుచు అంజూరమును ఉపమానముగా చెప్పెను. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దివాడైన థియోఫ్రాస్టసు మేక అంజూరపు కాయలను తోటచెట్లకు వ్రేలాడదీయు ఆచారమును వివరించెను. రోమను వృద్ధనేత కేటో తన సేద్యగ్రంథములో ఆఫ్రికా అంజూరములను, హెర్క్యులేనియమువానిని, సగుంటము వానిని, చలికాలమున కాయువానిని వేఱువేఱుగా ఏ నేలకు ఏది తగునో చెప్పి వ్రాసెను. ఆయనయే సభలో కార్థేజి అంజూరము నొకదానిని చేతబట్టి, మూడుదినముల క్రింద కోసినది ఇంకను తాజాగానున్నది, శత్రువు అంత చేరువనున్నాడని హెచ్చరించెనని రోమను గ్రంథకర్త ప్లినీ చెప్పును. ఆ ప్లినీయే తనకాలపు రకములను ముప్పదికి చేరువగా పేర్కొనెను. ఆ పేర్లలో పెక్కు ఊళ్లపేర్లో, తెచ్చినవారి పేర్లో యగుట గమనింపదగినది. పండు ఊరుమారినకొలది పేరుమారుట ఆనాడే మొదలైనది.

కొమ్మనాటుటయే మార్గమైనప్పుడు క్రొత్తరకమెట్లు పుట్టును? రెండుదారులు గలవు. మొదటిది మొగ్గలో కలుగు ఆకస్మికపరివర్తనము. చెట్టున ఒక్కకొమ్మ మాత్రము వేఱువన్నె కాయలు కాయగా తోటమాలి దానిని వేఱుగా నాటుకొనును. పనాషే అను ఫ్రెంచి పేరుగల చారల అంజూరము ఇట్టిదే. రెండవది గింజ. ఈగ ప్రవేశించిన ప్రతిపండులోను నిజమైన గింజలు వందలకొలది పండును; పక్షులు వానిని గోడబీటలలో, ఏటిగట్టులలో విడుచును; ఏ రెండుమొక్కలును సమానముగానుండవు, వానిలో సగము మేక అంజూరములే యగును. ఎవరో బాటసారి అందులో ఒక తియ్యనిపండును రుచిచూచి, కొమ్మవిఱుచుకొని పోయినప్పుడొక క్రొత్తరకము పుట్టినట్లు. శాస్త్రజ్ఞుని పేరుగాని, నాటిన వత్సరముగాని తెలియని రకములే అంజూరములలో ఎక్కువ. రకములనెల్ల ఈగతోడి సంబంధమునుబట్టి నాలుగుతెగలుగా ఎంచుదురు: ఈగ లేనిదే కాయ నిలువని స్మిర్నా తెగ, ఈగతో పనిలేక పండు సామాన్యతెగ, తొలికాపు తనంత తాను పండి రెండవకాపునకు ఈగను కోరు శాన్‌పెడ్రో తెగ, నాలుగవది మేక అంజూరమే.

పందొమ్మిదవ శతాబ్దమున పండితులు ఈ మేక అంజూరమును గూర్చి కలహించిరి. నేపుల్సు వృక్షశాస్త్రజ్ఞుడు గాస్పర్రీని అది వేఱు ప్రజాతియే యనియు, దాని కాయలను వ్రేలాడదీయు ఆచారము వ్యర్థమనియు తలచెను. జర్మనీకి చెందిన సోల్మ్స్‌-లౌబాకు 1882లో అదియే అడవితల్లి, తిను అంజూరము దాని సేద్యరూపమనగా, ఫ్రిట్సు ముల్లరు ఇవి రెండును ఒకే జాతి ఆడుమగరూపములని సరిగా గుర్తించెను. పండితులు వాదించుచుండగా, ప్రపంచపు ఎండు అంజూరములకెల్ల ప్రసిద్ధమైన, తుర్కీలోని ఐదిను సీమ రైతులు మాత్రము ఏటేట జూనునెలలో ఇలెక్ అని తాము పిలుచు మేక అంజూరపు కాయలను దారమునకు గ్రుచ్చి సరిలోప్ అను తిను అంజూరపు చెట్ల కొమ్మలకు తగిలించుచునేయుండిరి.

ఈ ఆచారపు విలువను కాలిఫోర్నియా కష్టపడి నేర్చుకొన్నది. 1880ల తొలిదినములలో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక యొకటి తుర్కీలోని స్మిర్నానుండి వేలకొలది కొమ్మలను తెప్పించి పాఠకులకు పంచినది. చెట్లు ఏపుగా పెరిగినవి. కాయలు గోళికాయలంతై, ముడుతలుపడి, పసుపెక్కి నేలరాలినవి. ఏటేట ఇట్లే జరుగగా స్మిర్నా వర్తకులు కావలెనని చెడ్డరకము పంపి మోసగించిరని రైతులు నమ్మిరి. ఫ్రెస్నో తోటరైతు జార్జి రోడింగు సన్నని పుల్లతో పుప్పొడిని కాయకంటిలో చొప్పించి చూడగా, ఆ కాయలు మాత్రము రాలక నిండుగా పండినవి. లోపము చెట్టుది కాదు, వర్తకునిది కాదు, ఈగ లేకుండుట యని అప్పుడు తేలినది. 1899లో ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు వాల్టరు స్వింగిలు అల్జీరియానుండి కీటకములు నిద్రించు చలికాలపు కాయలను పంపగా, ఆ ఈగలు ఫ్రెస్నోలో నిలద్రొక్కుకొనినవి. స్మిర్నానుండి వచ్చిన ఆ సరిలోప్ అంజూరము కాలిఫోర్నియా, స్మిర్నా నామములు కలిపి కాలిమిర్నా యనబడినది. ఒక రకమును తెచ్చుటయనగా దాని కొమ్మను మాత్రమే తెచ్చుట కాదనియు, దాని మగవంశమును, ఆ వంశమును మోయు పురుగును కూడ తెచ్చుకొనవలెననియు అంతకుముందు ఎవరును ఇంత సూటిగా తెలిసికొనలేదు.

కాండిట్ రకములను వర్ణించిన తీరు చూడముచ్చటయైనది. పండు బొంగరమువలెనున్నదా, గంటవలెనున్నదా, నొక్కినట్లున్నదా, మెడ పొడవా, అసలు లేదా, కన్ను తెరచియున్నదా, మూసియున్నదా, కంటిపొలుసులు ఎఱ్ఱనా, పచ్చనా, తోలు పగులుచున్నదా, గుజ్జు తేనెరంగా, దానిమ్మరంగా, ఆకు మూడుతమ్మెలదా, ఐదుతమ్మెలదా యని ఒక్కొక్కటే వ్రాసిపెట్టెను. కన్ను మిక్కిలి ముఖ్యము. కన్ను పెద్దదైనచో పురుగులును పులుపును లోపలకేగి పండు చెడును. ఇటలీ వారి దొత్తాతో పండునకు పక్వదశలో కంటిలో తేనెవంటి బొట్టు ఊరి గట్టిపడి వాకిలి మూయును. ఆ దొత్తాతోయే కాలిఫోర్నియాలో కదోటా. బ్రౌన్‌టర్కీ యను పేరు ఇంగ్లండులో ఒక పండునకు, కాలిఫోర్నియాలో వేఱొక పండునకు నిలిచినది. ఒకే చెట్టునకు పదిపేర్లు, ఒకే పేరునకు రెండుచెట్లు! ఆకును చూచి గుర్తుపట్టుదమన్నను, ఒకే చెట్టున లేగొమ్మ ఆకు ఒకరీతి, ముదురుకొమ్మ ఆకు ఒకరీతి యుండును.

కంటికి తెలియనిది వంశబీజములలో తెలియునా యని తరువాతివారు వెదకిరి. అంజూరమున పదమూడుజతల క్రోమోజోములు గలవు. కాలిఫోర్నియా డేవిసునందలి సంగ్రహములోని 194 చెట్లను పదునైదు సూక్ష్మచిహ్నములతో పరీక్షించిన ఫలితములు 2010లో వెలువడినవి. 32 సందర్భములలో వేఱువేఱు పేర్లతో నున్నవి ఒకటేయని తేలినది. సమూహములనడుమ భేదము మొత్తములో నూటికి పదునైదుపాళ్లే. మిగిలిన భేదమంతయు సమూహములలోపలనే యున్నది. తుర్క్‌మెనిస్తాను అంజూరములు మాత్రము తక్కినవానికి కొంత వేఱుగా నిలచినవి. వేలయేండ్లు కొమ్మలు చేతులుమారుటచే ఊళ్లకు ఊళ్లు కలిసిపోయినవన్నమాట. 2017లో హోరాయిషి అను రకముయొక్క, 2020లో దొత్తాతోయొక్క వంశపటములు వెలువడినవి.

ఇన్ని పరీక్షల అనంతరమును నన్ను వదలనిదొకటి గలదు. తిను అంజూరములలో పుప్పొడిలేదు. కావున వానిలో ఏ యొక్కదానికిని తండ్రి తిను అంజూరము కాలేదు. ప్రతి రకమునకు తండ్రి మేక అంజూరమే. ఆ తండ్రి పేరు పండు తినువారిలో ఎవరికో గాని తెలియదు. కాండిట్ రివర్‌సైడులో రకములను సంకరముచేసి, అడ్రియాటిక్ అను తల్లితో మేక అంజూరమును కలిపి 1950లలో కొనాడ్రియా అను రకమును తెచ్చినప్పుడు, రుచి తెలియని తండ్రినుండి ఏ గుణము వచ్చునో వానిసంతానమును పెంచి చూచుట తప్ప వేఱుదారి లేకపోయినది. పైగా ఈగ తెచ్చు శిలీంధ్రము పండును లోపలినుండి కుళ్లబెట్టుననియు, పుప్పొడి యధికమైనచో పండు పగులుననియు రైతులు మేక అంజూరములను తోటకు దూరముగా నాటి, కావలసినన్ని కాయలనే తెచ్చి వ్రేలాడదీయుదురు. ఈగతో పనిలేని రకములే నాటువారు మేకచెట్లను ఉంచుకొనుటకు కారణమేలేదు. మన పూనా అంజూరము అట్టిదే. గంటవంటి ఊదాపండు, ఎఱ్ఱని గుజ్జు, బోలుగింజ. పురందరు కొండలక్రింద అది ఎంత తియ్యగా పండినను దాని గింజ మొలవదు, దానినుండి బిడ్డపుట్టదు.

పశ్చిమ ఆసియా కనుమలలో, తుర్క్‌మెనిస్తాను లోయలలో, ఐదిను చేల అంచులలో పొదలై పెరిగి, పండు కోయువాడులేక ఎండిరాలు ఆ మేక అంజూరములలో ఏవి నిలిచియున్నవో, రాబోవు అంజూరములకు అవియే తండ్రులు. అంజూరపు సంగ్రహములవారు తియ్యనిపండ్ల కొమ్మలతోపాటు ఆ బెండుకాయల కొమ్మలనుకూడ ప్రక్కప్రక్కన నాటి, శీతకాలపు ప్రొద్దుల మమ్మె కాయ నొకదానిని చీల్చి, లోన ఈగ నిద్రించుచున్నదా లేదా యని చూచుకొనుచుందురు.